కొట్టివేతలు ఉండరాదు

అమ్మ నిజంగా లేదని
పెద్దకర్మ రోజున తెలియలేదు.
మూడో నెల ఒకటో తారీకున,
పింఛను మిషను మీద పైడిరాజు బొటనవేలు పెడితే
ఎర్రగా మెరిసి ఊరుకున్నప్పుడు తెలిసింది.
"గార్డియన్ ఎవరు?" అన్నాడు సచివాలయం కుర్రాడు.
"అమ్మ" అన్నాడు
ముప్పై ఒక్కేళ్ళ మా తమ్ముడు,
అదీ తెలీదా అన్నట్టు.

అక్కనైతే చాలదట.
ఫిట్సొచ్చినప్పుడు వాడు కొరికిన ఈ వేలు
సాక్ష్యానికి పనికిరాదట.
కాగితం కావాలి.
ఆ కాగితానికి జోనల్ ఆఫీసులో అమ్మ చావు కాగితం.
అందులో గౌరమ్మని గోవిందమ్మ చేశారు గనక
ఇద్దరూ ఒకరేనని ఇంకో కాగితం.

కేజీహెచ్‌లో మూడు మంగళవారాలు.
మెట్ల మీద ఇడ్లీ పొట్లం విప్పితే
సగం పక్కనున్న ముసలాయనకి పెట్టేశాడు పైడి.
లోపల డాక్టరమ్మ అడిగింది.
"ఈ రోజు ఏ వారం?"
"మంగళారం. మొన్నా మంగళారమే."
"వందలోంచి ఏడు తీస్తే?"
"ఎవులు తీసారు?"
ఆవిడ నవ్వు దాచుకుని
డెబ్బై ఐదు శాతం అని రాసింది.
మిగిలిన పాతికా ఏమిటో
ఎవరూ రాయలేదు. నేనూ అడగలేదు.

జగదాంబ దగ్గర ఫోటో స్టూడియోలో
నోరు ముయ్యమన్న కొద్దీ నవ్వాడు.
ఆ నవ్వుకి మూడుసార్లు డబ్బు కట్టాను.

పరవాడ నుంచి పెద్దన్న వచ్చాడు,
స్టాంపు కాగితం మీద
తనకేమీ అభ్యంతరం లేదని సంతకం పెట్టడానికి.
నోటరీ గొడుగు కింద నిలబడే పెట్టి,
పెన్నుకి మూత బిగించి
"మరి నానెల్లొస్తానే" అన్నాడు.
అభ్యంతరం లేకపోవడం ఎంత తేలికో!
బస్సెక్కబోతూ మాత్రం
తమ్ముడి చొక్కా గుండీ సరిచేసి జేబులో ఏదో కుక్కాడు.
ఇంటికొచ్చి చూస్తే
యాభై నోటు, సగం తిన్న పల్లీచెక్క.

కలెక్టరాఫీసులో కమిటీ.
బల్లకి అవతల ముగ్గురు, ఇవతల మేం.
"ఈవిడ నీకేమవుతుంది?"
"నూకరత్నం."
"అది పేరు బాబూ. ఏమవుతుంది?"
పైడి చాలాసేపు ఆలోచించాడు.
ఫ్యాను కింద నా దరఖాస్తు
ఒక మూల లేచి పడుతోంది.
"దీనికి రోడ్డు దాటడం రాదండి" అన్నాడు చివరికి.
"నానే సెయ్యట్టుకుంటాను."

నిజమే. కాంప్లెక్సు ముందు నాన్నని లారీ గుద్దినప్పుడు
నా చేతిలో ఆయన టిఫిను డబ్బా ఉంది.
ఇరవై ఆరేళ్ళయింది.
రోడ్డంటే ఇప్పటికీ నా కాళ్ళు కదలవు.
ఆ సంగతి ఎవరూ నమోదు చేయలేదు.
సంరక్షకురాలు: నూకరత్నం.
సంరక్షితుడు: పైడిరాజు.
గుండ్రటి ముద్ర ఠప్పుమంది.

ఇంకొకటుందమ్మా అన్నాడు గుమాస్తా.
ఆర్నెల్లలోగా అతని ఆస్తుల జాబితా దాఖలు చెయ్యాలి.

దిగువకి నడిచి బీచి రోడ్డు గోడ మీద కూర్చున్నాం.
చరాస్తులు రాసుకుంటూ పోయాను:
రావలసిన పింఛను, బ్యాటరీల్లేని రేడియో,
ఇంకెవరూ తాగకూడని స్టీలు గ్లాసు,
సీసాడు గవ్వలు, ఎన్నో వాడికే తెలుసు.
స్థిరాస్తి దగ్గర పెన్ను ఆగింది.
హార్బరు బయట
వంతు రాని ఓడలు నిలబడి ఉన్నాయి.
వాటికే కాగితం తక్కువైందో.

"ఏటి రాత్తున్నావు?"
"నీకేమేం ఉన్నాయో."
లేచి నిలబడి వేలు చాపి లెక్కపెట్టాడు.
"నాలుగు."
కదలడం లేదు కదా అని రాశాను.
స్థిరాస్తి: నాలుగు ఓడలు.
రాశాక భయమేసింది. అడ్డంగా గీత కొట్టి
పక్కన "లేవు" అని పెట్టాను.

"కొట్టివేతలు ఉండకూడదమ్మా,"
గుమాస్తా కళ్ళద్దాల పైనుంచి చూశాడు,
"ఇంకో ఫారం తెచ్చుకోండి."

పది రూపాయలిచ్చి తెచ్చుకున్నాను.
మళ్ళీ అదే గోడ.
రేడియో, గ్లాసు, గవ్వలు,
అన్నీ మొదట్నించీ రాసి
ఆ గడి దగ్గరికి వచ్చేసరికి
పైడి నా భుజం మీంచి వంగి
"ఇయ్యాల ఐదే" అన్నాడు.